రాజుకి కిటికీ

నాకు కోపం ముక్కు మీద ఉంటుందని మా ఇంట్లో అందరూ అంటారు. ఉంటే ఉండనివ్వండి. చదరంగం ఆడే కంప్యూటర్ ప్రోగ్రాం గురించి ఎవరైనా "అందులో అన్ని ఎత్తులూ ముందే ఎక్కించేసి ఉంటారు కదండీ" అన్నారంటే మాత్రం ఆ కోపానికి పట్టపగ్గాలుండవు. తాడేపల్లిగూడెంలో నేను కంప్యూటర్ పాఠాలు చెప్పే కాలేజీలో, స్టాఫ్ రూంలో టీ తాగుతూ ఈ మాట అననివాళ్ళు లేరు. అన్ని ఎత్తులూ ఎక్కించడానికి అదేమన్నా చేపల లారీయా? చదరంగంలో సాధ్యమయ్యే ఆటలన్నీ పట్టే చోటు ఈ భూమ్మీదే లేదు. అది ప్రతి ఎత్తుకీ కూర్చుని ఆలోచించుకోవాల్సిందే.

ఎలా ఆలోచిస్తుందో చెప్తాను, పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. నేను ఈ గుర్రాన్ని ఇక్కడ వేస్తే అవతలివాడు ఏం వేస్తాడు, దానికి మళ్ళీ నేనేం వేస్తాను, అప్పుడు వాడేం చేస్తాడు అని కొమ్మకి కొమ్మ చూసుకుంటూ పోతుంది. మనమూ అదే చేస్తాం. కాకపోతే మూడో ఎత్తుకే మనకి ఆవలింతలొస్తాయి, దానికి రావు. అలాగని అన్ని కొమ్మలూ చివరిదాకా చూడదు. మా గూడెం ఉల్లిపాయల మార్కెట్లో బస్తా విప్పగానే పైనే నాలుగు కుళ్ళినవి కనిపిస్తే, కొనేవాడు అడుగుదాకా తవ్వి చూడడు, పక్కకి నెట్టేస్తాడు. ప్రోగ్రామూ అంతే. తను వేద్దామనుకున్న ఎత్తుకి అవతలివాడి దగ్గర ఒక్క గట్టి జవాబు కనిపించిందంటే చాలు, ఇంకా ఎన్ని జవాబులున్నాయో లెక్కపెట్టుకుంటూ కూర్చోదు. అంతకంటే మంచి ఎత్తు ఇంకోటి చేతిలో ఉంది కాబట్టి దీన్ని వదిలేసి ముందుకు పోతుంది.

చూడగలిగినంత దూరం చూశాక ఎక్కడో ఒకచోట ఆగాలి కదా. ఆగినచోట బోర్డు ఎలా ఉందో చూసి మార్కులు వేస్తుంది. బంటుకి ఇన్ని, గుర్రానికి ఇన్ని, మంత్రికి ఇన్ని. రాజు భద్రంగా ఉంటే ఇంకాసిని, దిక్కులేకుండా నిలబడితే కోత. ఈమధ్య వచ్చిన పెద్ద పెద్ద ప్రోగ్రాములు ఆ మార్కులు వేయడం కూడా లెక్కలేనన్ని ఆటలు చూసి తామే నేర్చేసుకుంటున్నాయి. నాది అంత జమీందారీ వ్యవహారం కాదు. నేను రాసుకున్న ప్రోగ్రాంలో ప్రతి మార్కూ నా చేత్తో వేసిందే, కూరలో ఉప్పు వేసినట్టు.

గొప్పలు చెప్పుకుంటున్నాననుకున్నా సరే, అది బాగా ఆడుతుంది. నన్ను ఓడించడం ఎప్పుడో నేర్చుకుంది. నాలాగా ఇంట్లో కూర్చుని ఇలాంటివి రాసుకునేవాళ్ళందరూ కలిసి ఇంటర్నెట్లో ఏటా ఒక పోటీ పెట్టుకుంటారు. అందులో మనుషులు ఆడరు, ప్రోగ్రాములు ఆడతాయి, మనం గుడ్లప్పగించి చూస్తాం. పోయిన వేసవిలో ఆ పోటీకి తయారవుతూ నేను వెలగబెట్టిన ఘనకార్యం గురించే ఇదంతా.

నాకు చదరంగం నేర్పింది ఏలూరులో కాలవ దగ్గర బట్టలు కుట్టే మాస్టారు. వాళ్ళ తాతల నాటినుంచీ కుట్టుపనే. మేం అప్పట్లో ఏలూరులోనే ఉండేవాళ్ళం. అమ్మ జాకెట్లు తెమ్మని పంపిస్తే ఆయన "ఇంకో పావుగంటమ్మా" అనేవారు. దర్జీ చెప్పే పావుగంట ఎంతసేపో అనుభవమైనవాళ్ళకే తెలుస్తుంది. ఆ పావుగంటల్లోనే, గుడ్డ కత్తిరించే బల్ల చివర బోర్డు పరిచి నాకు ఆట నేర్పారు. నల్లవాటిలో ఒక ఏనుగు ఎప్పుడో పోయింది. దాని బదులు నల్లదారం రీలు నిలబెట్టేవారు. అది దొర్లిపోయినప్పుడల్లా ఆట ఆపి, బల్లకింద గుడ్డముక్కల్లో వెతికి తేవడం నా వంతు.

ఆయన చాలా చెప్పారు గానీ, ఒక్క మాట మాత్రం వెయ్యిసార్లు చెప్పి ఉంటారు. "రాజుకి కిటికీ పెట్టావా?" అనేవారు. ఆట మొదట్లోనే మనం రాజుని మూలకి చేర్చి, ముందు మూడు బంట్లని కాపలా పెట్టుకుంటాం. హాయిగానే ఉంటుంది. కానీ అవతలివాడి ఏనుగు ఎప్పుడో మన చివరి వరసలోకి జొరబడిందంటే, ఆ మూడు బంట్లే మన రాజుకి గోడ అయిపోతాయి. కదలడానికి చోటుండదు, ఊపిరాడక చస్తాడు. అందుకని ఏ తొందరా లేనప్పుడే అంచున ఉన్న బంటుని ఒక్క గడి ముందుకి జరిపి పెట్టుకోవాలి. అదీ కిటికీ. షాపుకి చొక్కా కొలతలివ్వడానికి వచ్చి, కాసేపు ఆడి వెళ్ళే పెద్దమనుషులందరికీ ఆయన ఈ మాటే చెప్పేవారు. అందరూ తలూపేవాళ్ళు. ఆయన్ని కాదనేవాళ్ళు ఎవరు? అసలు మా వైపు మనుషులం పెద్దవాళ్ళ మొహం మీద కాదనడం పుట్టినప్పటినుంచీ నేర్చుకోలేదు. "అవునండి, నిజమేనండి" అంటాం, ఇంటికెళ్ళి మనకి తోచింది చేసుకుంటాం.

పోటీకి నెలముందు, మాస్టారి మాటని నా ప్రోగ్రాంలో పెట్టాలన్న బుద్ధి పుట్టింది. రాజు పక్కన అంచు బంటు ఒక గడి జరిగి ఉంటే కొన్ని మార్కులు ఎక్కువ వేసేలా ఒక చిన్న నియమం రాశాను. నాకు ఆట నేర్పిన మనిషి మాట నేను రాసిన ప్రోగ్రాంలో ఉండాలని నిజంగా అనిపించింది.

కొత్తగా ఏ నియమం పెట్టినా దాన్ని పరీక్షించాలి. బాగుందని నాకనిపిస్తే సరిపోదు, తల్లికి పిల్ల ఎప్పుడూ అందగత్తే. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు కదా, పరీక్ష కూడా అలాగే చేస్తాం. నియమం పెట్టిన కొత్త ప్రోగ్రాముని, నియమం లేని పాత ప్రోగ్రాముతో ఆడిస్తాం. ఒకటీ రెండూ కాదు, వేల ఆటలు. చకచకా ఆడేస్తాయి. రెండూ దాదాపు ఒకలాగే ఆలోచిస్తాయి కాబట్టి, మొదటినుంచీ ఆడిస్తే ఆడిన ఆటే ఆడతాయి. అందుకని సగంలో ఉన్న రకరకాల ఆటలు తెచ్చి వాటి ముందు పెడతాం. ప్రతి ఆటనీ రెండుసార్లు, ఒకసారి తెల్లవైపు, ఒకసారి నల్లవైపు. అప్పుడు నాకు కలిసిరాలేదని ఎవరూ గొణగడానికుండదు.

ఈ సగం ఆటలు తేవడంలోనే నేను బోల్తాపడ్డాను. మాస్టారి దగ్గర కొలతలు రాసుకునే పుస్తకం వెనక పేజీల్లో, ఆయనకి నచ్చిన ఆటలు సగంలో ఎలా ఉన్నాయో గీసి పెట్టుకునేవారు. ఇంటర్ చదివేటప్పుడు అవన్నీ నేను ఒక నోట్‌బుక్‌లోకి ఎక్కించుకున్నాను. అది నా బీరువాలో భద్రంగా ఉంది. ఆయన మాటని ఆయన ఆటల మీదే పరీక్షిస్తే ముచ్చటగా ఉంటుందనుకున్నాను. చూడండి, ఇంత చదువుకుని, ముచ్చట కోసం పరీక్ష పెట్టాను. కొత్త ప్రోగ్రాం మొదటినుంచీ పాతదాన్ని చితక్కొట్టింది. నాలుగు వందల ఆటలయ్యేసరికి ఇంకా చూడాల్సిందేముందని ఆపేశాను. మా క్లాసులో ఎవరైనా అలా మధ్యలో ఆపితే నేను చీల్చి చెండాడతాను.

ఆ శనివారమే ఏలూరు వెళ్ళి షాపులో, నలుగురి ముందు, మాస్టారి కిటికీ వల్ల నా ప్రోగ్రాం బలం పెరిగిందని ప్రకటించాను. ఆయన కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నారు. అక్కడున్నవాళ్ళకి టీలు చెప్పారు. రెండురోజుల్లో ఆ కాలవ వీధిలో ఈ సంగతి తెలియనివాళ్ళు లేరు. పోటీ జరిగే ఆదివారం అందరూ షాపులో కూర్చుని, టీవీకి ఇంటర్నెట్ తగిలించి చూడాలని నిర్ణయమైపోయింది. బెంచీలు కూడా అడిగి పెట్టారట. నాకు గాల్లో తేలినట్టుంది.

ఆ తర్వాతి వారం మా తమ్ముడి దగ్గరికి వెళ్ళాను. వాడికి ఆకివీడు అవతల, కొల్లేటి వైపు చేపల చెరువు ఉంది. నేను చేపల పులుసు తినడానికి వెళ్ళాను తప్ప జ్ఞానం సంపాదించడానికి కాదు. పొద్దున్నే వాడితో గట్టు మీద నడుస్తున్నాను. చెరువులో వరసగా వెదురు గడలు పాతి, వాటికి చిల్లుల సంచులు కట్టి ఉంటారు. సంచుల్లో తవుడూ వేరుశనగ చెక్కా నింపుతారు. శీలావతులూ బొచ్చెలూ వచ్చి ఆ చిల్లుల్లోంచి పొడుచుకు తింటాయి. చేప ఎంత ఎదిగిందో చూడటానికి అప్పుడప్పుడూ విసురు వల వేసి కాసిని పట్టి తూస్తారు. ఆవేళ కొత్తగా పనిలో చేరినతను పడవ వేసుకుని, సంచుల పక్కనే వల విసిరాడు. పడ్డవన్నీ దిట్టంగా ఉన్నాయి. నేను మెచ్చుకోబోయేంతలో మా తమ్ముడు గట్టుమీంచి వద్దని చెయ్యి ఊపాడు, మూలకి పోయి వెయ్యమన్నాడు. మూలన పడ్డ చేపలు వాటి బరువులో సగం లేవు.

ఎందుకురా అని అడిగాను. బలమున్న చేపలే బలహీనమైనవాటిని తోసుకుని మేత దగ్గరికి వస్తాయట. అక్కడ వల వేస్తే చెరువంతా అలాగే ఉందనుకుని మోసపోతామట. మరి ఇంత తెలిసినవాళ్ళు అక్కడ వలెందుకు వేస్తారన్నాను. వాడు నవ్వాడు.

"కొనేవాళ్ళకి చూపించడానికైతే సంచుల దగ్గరే వేస్తామక్కా. మనం తెలుసుకోవడానికైతే మూలల్లో వేస్తాం," అన్నాడు.

నా కాళ్ళు గట్టు మీద ఆగిపోయాయి. ఏళ్ళ తరబడి రాజుకి ఊపిరాడని ఆటలే చూసి చూసి దాచుకున్న మనిషి పుస్తకం అది. అందులో కిటికీ పనికిరాని ఆట ఒక్కటైనా ఎందుకుంటుంది? నేను మేత సంచి పక్కనే నాలుగు వందల సార్లు వల విసిరి, పడ్డవాటిని తీసుకెళ్ళి నలుగురికీ చూపించాను.  మధ్యాహ్నం పులుసులో ఉప్పెక్కువైందని మరదలి మీద విసుక్కున్నాను. ఉప్పు సరిగ్గానే ఉంది.

గూడెం వచ్చీరాగానే పరీక్ష మళ్ళీ పెట్టాను. ఈసారి మాస్టారి ఆటలు కాదు, ముక్కూమొహం తెలియనివాళ్ళు ఆడిన వేలకొద్దీ సగం ఆటలు. మధ్యలో ఆపకూడదని మానిటర్ కట్టేసి దాని మీద టవల్ కప్పాను. నాలుగు రోజులు నడిచింది. ఆ సిపియు వెనక వచ్చే వేడికి వడియాలు ఎండబెట్టొచ్చని మా ఆయన వెక్కిరించారు. ఐదో రోజు టవల్ తీసి చూస్తే, కిటికీ పెట్టిన ప్రోగ్రాం ఓడిపోయింది. ఘోరంగా కాదు. కొంచెమే, కానీ సందేహం లేకుండా ఓడింది.

ఎందుకో ఆలోచిస్తే అదీ తెలిసింది. ప్రోగ్రాం ఎలాగూ ముందుకి చూస్తుంది కదా, రాజుకి నిజంగా ఊపిరాడని పరిస్థితి వచ్చేట్టుంటే దానికదే కనిపెట్టి అప్పుడే బంటుని జరుపుకుంటుంది. నేను మార్కుల ఆశ చూపించేసరికి, అవసరం లేని ఆటల్లో కూడా ఒక ఎత్తు పెట్టి కిటికీ తెరిచేది. ఈలోగా అవతలిది ఆ ఒక్క ఎత్తులో గుర్రాన్నో ఏనుగునో ముందుకి తెచ్చుకునేది.

పోటీకి మూడు రోజులే ఉంది. శనివారం లోపల ప్రోగ్రాం పంపించాలి. కిటికీతో పంపితే తెలిసితెలిసి బలహీనమైనదాన్ని పంపినట్టు. తీసేసి పంపితే, బెంచీలు వేసుకుని కూర్చునే మాస్టారికి అబద్ధం చెప్పినట్టు. తీసేసి ఊరుకోవే, ఆయనకెలా తెలుస్తుంది అన్నారు మా ఆయన. నిజమే, తెలియదు. ఆ బోర్డు మీద ఎత్తులు చూసి లోపల ఏ నియమం ఉందో కనిపెట్టడం ఎవరి తరమూ కాదు. ఆ రోజంతా అదే మంచి ఉపాయమనిపించింది. మొహమాటానికి పోతే ఏమవుతుందో మనకో సామెత ఉంది, మొత్తం రాయనక్కర్లేదు. అందరూ ఆయన ముందు "అవునండి" అని ఇంటికెళ్ళి తమకి తోచింది చేసుకున్నారు. నేనూ అదే చేస్తే, ఆయన దగ్గర ఆట నేర్చుకున్నదానికీ చొక్కా కుట్టించుకున్నవాడికీ తేడా ఏముంది? నాకు నామీదే కోపం వచ్చింది. నా కోపం పనికొచ్చిన సందర్భాలు తక్కువ, అందులో అదొకటి.

శుక్రవారం ఒంటిపూట సెలవు పెట్టి ఏలూరు బస్సెక్కాను. బస్సులో కూర్చున్నంతసేపూ మెత్తటి మాటలు కూర్చుకున్నాను. ఒకరకంగా చూస్తేనండి, కొన్ని పరిస్థితుల్లోనండి, అని. మాస్టారు నమాజు నుంచి వచ్చి అప్పుడే షాపు తెరిచి మిషన్ ముందు కూర్చున్నారు. బల్లమీద మా ఇద్దరి కోసమే అన్నట్టు బోర్డు పరిచి ఉంది. గోడవారగా ఆదివారం కోసం తెచ్చిన రెండు బెంచీలున్నాయి. వాటిని చూడగానే కూర్చుకున్న మాటలన్నీ ఎగిరిపోయాయి.

"మాస్టారూ, నేను తప్పు చెప్పానండి. కిటికీ వల్ల ప్రోగ్రాం ఓడిపోతోందండి," అనేశాను.

మిషన్ ఆగింది. ఎలాగని అడిగారు. ఆయన పుస్తకం సంగతీ, చేపల సంగతీ, టవల్ సంగతీ అన్నీ వరసగా చెప్పాను. కొలతలు తీసుకునేటప్పుడు ఎలా ఉంటారో అలాగే, మధ్యలో ఒక్కమాట అనకుండా విన్నారు. ఎన్ని ఆటలు ఆడించావన్నారు. ఇరవై వేలు దాటాయన్నాను.

"నాది ఒక్క ఆటమ్మా," అన్నారు.

అప్పుడు చెప్పారు. కుర్రతనంలో, ఉండి అనే ఊళ్ళో చదరంగం పోటీలు పెడితే వెళ్ళారట. ఆఖరి ఆట. అవతలివాడికి మంత్రి లేదు, ఈయనకి ఉంది. గెలిచేసినట్టేనని పక్కవాళ్ళ వైపు చూసి నవ్వుతుంటే, అవతలివాడు ఏనుగుని తెచ్చి చివరి వరసలో పెట్టాడు. మూడు బంట్ల వెనక రాజు ఇరుక్కుపోయాడు. బస్సులో వస్తున్నంతసేపూ ఆ అంచు బంటే కళ్ళముందు కనిపించిందట.

"ఆ ఒక్క ఆట ఓడిపోయి, నలభై ఏళ్ళు ఊరంతటికీ చెప్పాను. ఈ బల్ల దగ్గర కూర్చున్నవాళ్ళు ఒక్కళ్ళు కూడా నాతో కాదనలేదు."

నాకు ఏడుపొచ్చింది. దాచుకోవడం చేతకాదు నాకు, అక్కడే ఏడ్చాను. నేనూ కాదనలేదు కదండీ అన్నాను. ఇప్పుడన్నావుగా అన్నారు. దారం తుంపినంత తేలిగ్గా, తీసెయ్ అన్నారు. బెంచీలు ఉండనీ, ఆదివారం ఆ సంగతి అందరికీ తానే చెప్తానన్నారు.

బస్సుకి ఇంకా టైముంది. ఒక ఆట ఆడదామన్నారు. తెల్లవి నాకిచ్చారు. కళ్ళు తుడుచుకుని, గుండెలమీంచి బరువు దిగిపోయిన హుషారులో ఆడాను. రాజుని మూలకి చేర్చాను. కిటికీ జోలికి పోలేదు, ఇరవై వేల ఆటల సాక్ష్యం నా వెనక ఉంది. మాస్టారు కూడా రాజుని మూలకి చేర్చారు. తన వంతు వచ్చినప్పుడు ఆయన చెయ్యి అలవాటుగా అంచు బంటు మీదికి వెళ్ళింది. దాన్ని ముట్టుకోకుండా కాసేపు అక్కడే ఆగి, వెనక్కి వచ్చి గుర్రాన్ని కదిపింది.  ఆ తర్వాత ఆయన ఒక బంటుని ఊరికే వదిలేసినట్టు వదిలేశారు. పాపం, మనసు బోర్డు మీద లేదనుకుని నా మంత్రితో తీసుకున్నాను.

నల్లదారం రీలు తిన్నగా బోర్డు దాటి వచ్చి నా చివరి వరసలో నిలబడింది. ఆట కట్టు.

"దానికి ముందుచూపు ఉంది, కిటికీ అక్కర్లేదు," అన్నారు మాస్టారు, మిషన్ మీద ఆపిన చొక్కా మళ్ళీ అందుకుంటూ. "నీకు లేదు కదమ్మా. నువ్వు పెట్టుకో."

రీలు దొర్లిపోకుండా వేలితో పట్టుకుని, కదలని నా మూడు బంట్లకేసి చూస్తూ కూర్చున్నాను.